కిల్టూ, పంచే, ఒక జేబూ

మగవాడు కాళ్ళను రెండు గొట్టాల్లో విడివిడిగా దూర్చుకోకుండా, నడుము చుట్టూ ఒకే గుడ్డ చుట్టుకుని రోజువారీ పనులు చేసుకోవడం ప్రపంచంలో వింతేమీ కాదు. బర్మాలో లౌంజీ, మలయాలో సారొంగ్, ఫిజీలో సులు, కేరళలో ముండు, మన ఇళ్ళల్లో లుంగీ, అడ్డపంచె. ఇంగ్లీషువాడు వీటన్నిటినీ ఒకే గాట కట్టి స్కర్టు అంటాడు. ఆ మాట వింటే మనకు లంగా, పరికిణీ గుర్తుకొస్తాయి కనుక కొంచెం చిరాకు వేస్తుంది గాని, దర్జీ లెక్కన చూస్తే అందులో తప్పు లేదు. గోచీ పోసి కట్టిన పంచె స్కర్టు కాదు. అదే పంచెను గోచీ లేకుండా అడ్డంగా చుట్టితే స్కర్టే.

మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో కూడా మగవాళ్ళ స్కర్టు ఒకటి వుంది. అది స్కాట్లండువారి కిల్టు. దాన్ని గురించి రాసిన వాటిలో అందరి నోళ్ళలో నానిన వ్యాసం ఒకటుంది. 1983లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్సువారు ‘ది ఇన్వెన్షన్ ఆఫ్ ట్రెడిషన్’ అనే సంకలనం ప్రచురించారు. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ సంపాదకులు. అనాదిగా వస్తున్నవని జనం నమ్మే ఆచారాల్లో చాలావాటికి నిన్న మొన్నటి పుట్టుకేనని ఆ పుస్తకం సారాంశం. 1877 నాటి ఢిల్లీ దర్బారును ఇంగ్లీషు ప్రభుత్వం ఏ విధంగా అల్లిందో బెర్నార్డ్ కోన్ అందులోనే రాశారు. స్కాట్లండును గురించి రాసినవారు ఆక్స్‌ఫర్డులో చరిత్రాచార్యులుగా పనిచేసిన హ్యూ ట్రెవర్-రోపర్. ఆయన 2003లో పోయిన తర్వాత, 2008లో, ఇదే విషయం మీద ఆయన రాసిపెట్టుకున్నదంతా ‘ది ఇన్వెన్షన్ ఆఫ్ స్కాట్లండ్’ అన్న పేరుతో పుస్తకంగా కూడా వచ్చింది. ఏటా ఉగాదికి పంచెలు కట్టుకుని ఫోటోలు దిగే మనబోటివాళ్ళం ఆ వ్యాసాన్ని ఒకసారి మన కళ్ళతో చదవడం అవసరమని మాకు తోచింది.

ముందు ఆయన చెప్పిన కథ చెబుతాము.

స్కాట్లండు ఉత్తరాన కొండప్రాంతాన్ని హైలండ్స్ అంటారు. అక్కడి సామాన్యుడు పూర్వం కట్టుకున్నది ఈనాటి కిల్టు కాదు, దుప్పటి. ఐదారు గజాల ఉన్నిగుడ్డను నేలమీద పరిచి, మధ్యలో కుచ్చిళ్ళు పెట్టి, దానిమీద పడుకుని, నడుముకు తోలుపట్టా బిగించుకుని లేచేవాడు. పట్టాకు కిందిభాగం మోకాళ్ళదాకా వేలాడేది, పైభాగాన్ని భుజంమీదికి లాగి పిన్ను గుచ్చుకునేవాడు. రాత్రి పట్టా విప్పితే అదే కప్పుకునే దుప్పటి. ఇందులో మనకు అర్థంకానిది ఏమీ లేదు. పగలు కట్టుకున్న పంచెనే రాత్రి కప్పుకుని పడుకున్నవాళ్ళు, పాతబడ్డాక దాన్నే పసిబిడ్డకు ఉయ్యాలగా కట్టినవాళ్ళు మన పెద్దలే గదా.

ఈ దుప్పటి కొండలెక్కి పశువుల వెంట తిరగడానికి బాగానే వుండేది. చిక్కు కొలిమి దగ్గర వచ్చింది. థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషాయన, లంకషైరువాడు, క్వేకరు మతస్థుడు, ఇనుము కరిగించే వ్యాపారం చేసేవాడు. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకు అడవి కావాలి. 1720ల చివరలో ఆయన ఇన్వర్‌గారీ దగ్గర మెక్‌డొనెల్ వంశపు పెద్ద అడవిని కౌలుకు తీసుకుని అక్కడ కొలిమి పెట్టాడు. చెట్లు కొట్టడానికి, కొలిమి ముందు పనిచెయ్యడానికి వచ్చిన స్థానికులకు భుజంమీద వేలాడే అన్ని గజాల ఉన్ని అడ్డం వచ్చింది. రాలిన్సన్ ఒక సైనికదళపు దర్జీని పిలిపించి, పట్టాకు పైభాగం కత్తిరించేసి, కిందిభాగానికి కుచ్చిళ్ళు కుట్టేయమన్నాడు. తానూ అదే వేసుకున్నాడు, వంశపు పెద్ద కూడా వేసుకున్నాడు. అదే కిల్టు. దీనికి ఆధారం ఇవాన్ బెయిలీ అనే స్థానికుడు 1768లో రాయగా 1785లో ఎడింబరా పత్రికలో అచ్చయిన ఉత్తరం.

తర్వాత 1746లో కల్లోడెన్ యుద్ధం జరిగింది. స్టూవర్టు రాజవంశం తరఫున తిరగబడిన హైలండువాళ్ళు ఓడిపోయారు. పార్లమెంటు వాళ్ళ ఆయుధాలు లాక్కోవడంతో ఆగక, బట్టలమీద కూడా చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి హైలండు దుస్తులు కట్టుకున్న మగవాడికి మొదటిసారి ఆరునెలల జైలు, రెండోసారి ఏడేళ్ళపాటు సముద్రాల అవతలికి ప్రవాసశిక్ష. మినహాయింపు ఒక్కటే: రాజుగారి సైన్యంలో చేరితే కిల్టు కట్టుకోవచ్చు. చట్టం 35 ఏళ్ళు నడిచింది. 1782లో దాన్ని ఎత్తివేస్తూ గేలిక్ భాషలో వెలువడిన ప్రకటన ఇక మీరు లోలండువాళ్ళ మగతనంలేని బట్టలు వేసుకోనక్కరలేదని జనానికి చాటింది. ఆ మగతనంలేని బట్టలు ఏవో తెలుసా? ప్యాంట్లు! మగవాడు స్కర్టు వేసుకుంటే నామోషీ అనేవాళ్ళు ఈ ప్రకటనను ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఆ చట్టం ఎత్తివేతకు పాటుపడినవారెవరో చూడండి. 1778లో లండనులో పుట్టిన హైలండ్ సొసైటీ ఆఫ్ లండన్. ఊరు వదిలి రాజధానిలో స్థిరపడిన పెద్దమనుషులు, సైనికాధికారులు చేరి తమ ప్రాంతపు భాషనూ సంగీతాన్నీ వేషాన్నీ కాపాడుకోవడానికి పెట్టుకున్న సంఘం. మాట మార్చి చెప్పాలంటే, అదొక కల్చరల్ అసోసియేషను. వాళ్ళ సభల మినిట్సు మేము చూడలేదు గాని, మన కార్యవర్గ సమావేశాలకు ఎంతో దూరంగా వుంటాయని అనుకోము.

చట్టం పోయింది, కిల్టు వచ్చింది. అయితే ఎవరికి వచ్చింది? ట్రెవర్-రోపర్ వ్యాసంలోకెల్లా గొప్ప పరిశీలన ఇక్కడుంది. 35 ఏళ్ళలో ఒక తరం మారింది. చిన్నప్పటి నుంచీ ప్యాంటులో పెరిగిన కూలీ, రైతు మళ్ళీ కిల్టు జోలికి పోలేదు. దాన్ని మోజుపడి కట్టుకున్నవాళ్ళు జమీందార్లు, చదువుకున్నవాళ్ళు, పూర్వం ఆ దుస్తుల్ని అనాగరికమని ఈసడించిన లోలండువాళ్ళు. 1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడింబరాకు వచ్చినప్పుడు నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ ఆ ఉత్సవానికి సూత్రధారి. లావుపాటి రాజుగారు గులాబీరంగు మేజోళ్ళ మీద కిల్టు కట్టారు. ఆ వేషానికి ఖర్చు 1,300 పౌన్ల పైచిలుకు. బానక్‌బర్న్ ఊళ్ళో విల్సన్ కంపెనీ నేతవాళ్ళకు గళ్ళగుడ్డల ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఏ గళ్ళు ఏ వంశానివో తేల్చే జాబితాలు పుట్టుకొచ్చాయి. 1842లో సోబియెస్కీ స్టూవర్టులమని చెప్పుకున్న అన్నదమ్ములిద్దరు, ఎవరికీ చూపించని ఒక తాళపత్రంలాంటి గ్రంథం పేరు చెప్పి, వంశాలకూ గళ్ళకూ లంకె పెడుతూ ఏకంగా పెద్ద పుస్తకమే వేశారు. అదే కాలంలో జమీందార్లు గొర్రెల మేతకోసం అవే కొండల్లోంచి అసలు రైతుల్ని వెళ్ళగొడుతున్నారు. కిల్టు కట్టిన మనిషి కొండదిగి ఓడెక్కుతుంటే, కిల్టు మాత్రం రాజుగారి విందుకు వెళ్ళింది.

వ్యాసం చదవడానికి మహా సరదాగా వుంటుంది. వెటకారం ఆయన కలంలో వుట్టిపడుతుంది. స్కాట్లండుకు వేరే శాసనసభ కావాలా అని 1970లలో వాదాలు సాగి, 1979లో ఓటింగు కూడా జరిగిన రోజుల వేడి దాని వెనుక వుంది. మీ జాతీయ దుస్తు ఒక ఇంగ్లీషువాడు కుట్టించినది అని స్కాట్లండువాళ్ళ ముఖానే అనడంలో ఆయనకున్న ఆనందం దాగదు. అయితే ఆయన గట్టిగా చెప్పినంత గట్టిగా ఆధారం లేదు. సంగతి జరిగిన నలభై ఏళ్ళకు రాసిన ఒక్క ఉత్తరం మీద కిల్టు జాతకమంతా నిలబెట్టారు. పొట్టికిల్టు అంతకుముందే అక్కడక్కడా వుండేదని తరువాతి పరిశోధకులు వాదించారు. నకిలీలు పట్టడంలో దిట్ట అనిపించుకున్న ఈ ఆచార్యులవారే, ఈ వ్యాసం వెలువడిన 1983లోనే, హిట్లర్ డైరీలని ఒక జర్మను పత్రిక బయటపెట్టిన నోటుపుస్తకాలు అసలైనవేనని మొదట సర్టిఫికెట్ ఇచ్చారు. అవి నకిలీవని తర్వాత తేలింది.

కాని మా ఫిర్యాదు ఆధారాల గురించి కాదు. రాలిన్సన్ కథ అక్షరాలా నిజమేనని ఒప్పుకుందాం. అప్పుడు కూడా ఆచార్యులవారు అడిగిన ప్రశ్న తప్పు. ‘ఇది ఎంత పాతది, ఎవరు కనిపెట్టారు?’ అని ఆయన అడిగారు. కొత్తదని తేలగానే, ఇంగ్లీషువాడి చేతిదని తేలగానే, బూటకమని నవ్వేశారు. ఈ లెక్కన ప్రపంచంలో బూటకం కాని బట్ట వుండదు. ప్రతి కట్టునూ ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరానికి, ఒకనాడు మొదలుపెట్టినవారే. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి: అది ఏ రోజున కట్టుకునే బట్ట? పనిరోజునా, పండగరోజునా?

ఈ ప్రశ్న అడిగితే ఆయన కథే తలకిందులవుతుంది. ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వుకున్న ఘట్టం, అంటే కొలిమి దగ్గర దర్జీ కత్తెర పెట్టిన ఘట్టం, నిజానికి కిల్టు జీవితంలో అతి ఆరోగ్యకరమైన రోజు. ఆ రోజు అది ఒక పనివాడి బట్ట. మసి అంటుకునే బట్ట. అడ్డం వచ్చిన భాగాన్ని కోసేస్తే ఎవరూ అపచారం అనలేదు. వంశం పెద్దా కూలీవాడూ ఇంగ్లీషు యజమానీ ఒకటే కట్టుకున్నారు. బూటకం అన్న మాట వాడాలంటే 1822కు వాడాలి. అక్కడ మళ్ళీ ఎవరూ కత్తెర పెట్టలేదు. ఏ గళ్ళు ఎవరివి, ఏది శుద్ధం, ఏది అశుద్ధం అన్న చర్చ మొదలయింది. శుద్ధి గురించి చర్చ మొదలయిందంటేనే ఆ బట్ట చాకలిపద్దులోంచి పోయిందని అర్థం.

సైన్యంలో కూడా చివరికి అదే జరిగింది. కిల్టు కట్టిన దళాలు రెండు శతాబ్దాలు యుద్ధాలు చేశాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల బురదలో కూడా దాంతోనే నిలబడ్డాయి. రెండో యుద్ధం వచ్చేసరికి అది యుద్ధరంగం వదిలి కవాతుకు పరిమితమయింది. ఈనాడు స్కాట్లండులో పెళ్ళికొడుకు కిల్టు కడతాడు, చాలాసార్లు అద్దెకు తెచ్చుకుని. ఫుట్‌బాల్ పోటీకి కడతాడు. సోమవారం ఆఫీసుకు కట్టేవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఒకప్పటి కట్టు ఇప్పుడు వేషమయింది.

మరి ఏ స్కర్టు మగవాడికి నిత్యపు దుస్తుగా నిలుస్తుంది? దీనికి సమాధానం మాకు ఫిజీలో దొరికింది. ఫిజీ అంటే మనకు పరాయిదేశమేమీ కాదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి చెరుకుతోటల కూలికి అక్కడికి వెళ్ళిన ఓడల్లో తెలుగువాళ్ళు కూడా వున్నారు. అక్కడి ఆదివాసుల సులు కూడా కిల్టులాగే ‘సనాతనం’ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వెంట వచ్చింది. మతం మారినవాడి గుర్తు అది. ట్రెవర్-రోపర్ చూసివుంటే మరొక వెటకారం వ్యాసం రాసేవారు. అయినా ఈనాటికీ ఫిజీలో మంత్రి, గుమాస్తా, ప్లీడరు సులు కట్టుకునే ఆఫీసుకు వెళతారు. కింది అంచు రంపపుపళ్ళలా కత్తిరించిన తెల్ల సులు అక్కడి పోలీసు యూనిఫారం. ఎందుకు నిలిచింది? ఆఫీసుల్లో వేసుకునే సులును వాళ్ళు ‘సులు వకతంగా’ అంటారు. ఆ మాటకు అర్థం జేబున్న సులు అని! సూటుగుడ్డతో కుట్టి, నడుముకు బకిల్ పెట్టి, జేబు పెట్టారు. పేరే జేబును పట్టి వచ్చింది. ఉద్యోగానికి వెళ్ళే మగవాడికి తాళాలు, డబ్బు, కలం పెట్టుకునే చోటు కావాలని గుర్తించి, కుట్టి ఇచ్చారు. అంతే, సులు నిలబడింది. కిల్టుకు జేబు లేదు. ముందు వేలాడే తోలుసంచీ తగిలించుకోవాలి. అమెరికాలో సియాటిల్ నగరంలో 2000 సంవత్సరంలో యుటిలికిల్ట్స్ అని ఒక కంపెనీ వెలిసింది. పనివాళ్ళు కూడా వేసుకునేటట్టు ముతకగుడ్డతో కిల్టు కుట్టి, దానికి వాళ్ళు మొదట చేసిన మేలు జేబులు పెట్టడమే.

ఫ్యాషనువాళ్ళు కూడా మగవాడికి స్కర్టు తొడగాలని చాలా పాటుపడ్డారు. పారిస్‌లో జాన్ పాల్ గోత్యే 1985లోనే ప్రదర్శనకు పెట్టాడు. 2002లో లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మగవాళ్ళ స్కర్టుల మీదే ఒక ఎగ్జిబిషన్ జరిగింది. చూసినవాళ్ళు చూశారు, ఇంటికి ప్యాంట్లలోనే వెళ్ళారు. స్వేచ్ఛ పేరుతో వేసుకునే బట్టకు రోజూ సంజాయిషీ చెప్పుకోవాలి. రోజూ సంజాయిషీ ఎవరు చెప్పుకుంటారు?

ఎండ కూడా మగవాళ్ళకు స్కర్టు తొడిగింది. 2017 జూన్‌లో వడగాడ్పులు వీచినప్పుడు ఫ్రాన్సులో నాంత్ నగరపు బస్సు డ్రైవర్లు, ఇక్కడ ఎక్సెటరులో ఒక స్కూలు మగపిల్లలు, స్కర్టులు వేసుకుని విధులకు హాజరయ్యారు. రెండుచోట్లా నిక్కర్లు నిషిద్ధం, స్కర్టులు ఆడవాళ్ళకు అనుమతం. నిక్కర్లకు అనుమతి రావడంతో స్కర్టుల పని అయిపోయింది. అది మంచి హాస్యం, మంచి సమ్మె. నిరసనకు వేసుకున్న బట్ట నిరసనతోనే పోతుంది.

చట్టం సంగతి కూడా చూద్దాం. 1746 చట్టానికి సరిగ్గా తిరగేసినట్టుండే చట్టం ఒకటి మన పొరుగున వుంది. 2014 జూలైలో మద్రాసులో ఒక క్రికెట్ క్లబ్బు, వేష్టి కట్టుకుని వచ్చిన హైకోర్టు జడ్జిగారిని లోపలికి రానివ్వలేదు. ప్యాంటు వుంటేనే ప్రవేశమట. పెద్ద గొడవయింది. వేష్టి కట్టినవాణ్ణి క్లబ్బులూ హాళ్ళూ అడ్డుకుంటే శిక్ష పడేటట్టు ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. మంచిపనే. పోయిన గౌరవాన్ని చట్టం తిరిగి ఇవ్వగలదు. కాని అలవాటు పోగొట్టడం చట్టానికి చేతనైనంతగా అలవాటు చెయ్యడం చేతకాదు. హైలండులో పోగొట్టడానికి 35 ఏళ్ళు పట్టింది. ఎత్తివేత చట్టం ఆ కూలివాడికి కిల్టు తిరిగి కట్టలేకపోయింది.

ఇక మన పంచె దగ్గరికి వద్దాం.

మన తాతల తరంలో ప్లీడర్లూ మేష్టర్లూ పంచెకట్టు మీద కోటు తొడుక్కుని, నెత్తిన తలపాగా పెట్టుకుని కచేరీకీ బడికీ వెళ్ళేవాళ్ళు. ఆనాటి ఫోటోలు చూసి మన పిల్లలు నవ్వుతారు గాని, అందులో ఎంత తెలివి వుందో ఆలోచించండి. కింద మన ఎండకు తగిన నూలుబట్ట, పైన ఉద్యోగానికి కావలసిన కోటు. పంచెకు లేని జేబును కోటు ఇచ్చింది. అంతకుముందు జేబు పని రొంటి చేసేది. చిల్లర, చుట్ట, అగ్గిపెట్టె అన్నీ రొంటినే దోపుకునేవాళ్ళు. కోటూ పంచే కలిసిన ఆ కట్టును శుద్ధ సంప్రదాయమని ఎవరూ అనలేరు. రాలిన్సన్ దర్జీ పనిలాంటిదే అది కూడా. అందుకే నిత్యపు దుస్తుగా నడిచింది.

తర్వాత సైకిలు వచ్చింది, దాని గొలుసులో పంచె చిక్కుకుంది. మిల్లులు వచ్చాయి, తిరిగే చక్రాల దగ్గర వేలాడే గుడ్డ ప్రాణాంతకం. కాలేజీలు వచ్చాయి, ప్యాంటు వేసుకున్నవాడు చదువుకున్నవాడయ్యాడు. అడ్డం వచ్చినంత మేర కత్తిరించి, జేబుపెట్టి కుట్టి, పంచెను ఆఫీసుకు పంపించే దర్జీ మనకు దొరకలేదు. దొరికినా మనం ఒప్పుకునేవాళ్ళమా? పంచె అంటే కుట్టులేని గుడ్డే, మడికి అదే పనికొస్తుంది, మార్చకూడదు అన్నాం. మార్చలేదు. అది బీరువాలోకి వెళ్ళింది.

మార్పుకు ఒప్పుకున్నది లుంగీ. అది ఎటు మడిస్తే అటు మడత పడుతుంది. బురదలో దిగితే మోకాళ్ళపైకి ఎగ్గడతారు. రెండంచులూ కలిపి కుడితే గొట్టంలా నిలుస్తుంది. లారీడ్రైవరు, రిక్షావాడు, పల్లెకారి, పాలవాడు, దానికింద గీతల నిక్కరు వేసుకుంటారు. ఆ నిక్కరుకు జేబు వుంటుంది. చూశారా, మళ్ళీ జేబు! అందుకే లుంగీ ఇప్పటికీ బతికివుంది. కాని దాన్ని మనం పెద్దమనిషి బట్టగా ఒప్పుకోలేదు. ఇంట్లో కట్టుకుంటాం, వీధిలోకి రాము. ఈ రకంగా తెలుగు మగవాడికి మిగిలినవి రెండే: పండక్కి పట్టుపంచె, పడగ్గదిలో లుంగీ. వాటి మధ్య వుండవలసిన రోజంతా ప్యాంటుకు పోయింది. కాస్త తేడాతో ఇది హైలండు కథే.

ఈ దేశంలో మన ఇళ్ళల్లో జరిగేది చెప్పనక్కరలేదు. సూట్‌కేసులో రెండు లుంగీలు లేకుండా వచ్చిన తెలుగువాడు లేడు. ఆస్పత్రి నుంచి, ఆఫీసు నుంచి రాగానే ప్యాంటు విప్పి అదే చుట్టుకుంటాం. తలుపు గంట మోగుతుంది. ‘ఏమండీ, ఎవరో వచ్చారు, ప్యాంటు వేసుకోండి’ అని వంటింట్లోంచి హెచ్చరిక. మేడమెట్లమీద పరుగు. వచ్చినవాడు పాలవాడో పోస్టుమానో. ఈ పరుగును మన పిల్లలు రోజూ చూస్తున్నారు. ఉగాదినాడు వాళ్ళకే జరీపంచె కట్టి, ఇది మన ఘనమైన సంప్రదాయం, గర్వపడాలి అని చెబుతాం. రోజూ దాచుకునేదాని గురించి ఏడాదికొకసారి గర్వపడమంటే ఏ పిల్లవాడికి నమ్మకం కలుగుతుంది?

ఇక్కడే ఇంకొక మాట. ఈమధ్య కుట్టుపంచెలు వచ్చాయి. కుచ్చిళ్ళు ముందే కుట్టి, నడుముకు వెల్‌క్రో పట్టీ అంటించి, పక్కన జేబు కూడా పెట్టి అమ్ముతున్నారు. మన సభల్లో వాటిని చూసి పెద్దలు ముఖం చిట్లిస్తున్నారు. ‘పంచె కట్టుకోవడం రాక ప్యాంటులా తొడుక్కుంటున్నారు’ అని వేళాకోళం. ట్రెవర్-రోపర్ రాలిన్సన్ దర్జీని చూసి నవ్విన నవ్వు ఇదే. మాకు మాత్రం, ఈ వందేళ్ళలో పంచెకు జరిగిన మంచి సంగతి ఆ జేబేనని తోస్తున్నది. పంచె కట్టడం నేర్పవద్దని మేము అనడంలేదు. గోచీ పోసి, కుచ్చిళ్ళు సర్ది కట్టడం ఒక విద్య, తండ్రి కొడుక్కు నేర్పవలసిందే. కాని కట్టడం రానివాణ్ణి పంచెకు దూరం చేసే శుద్ధికన్నా, జేబుపెట్టి దగ్గరచేసే కుట్టు మేలు. వెల్‌క్రో పంచెను ఆక్షేపించవలసిన కారణం ఒకటే వుంది: దాన్ని కూడా ఏడాదికొకసారే కట్టడం.

‘అయితే ఆపరేషన్ థియేటర్లోకి పంచెతో వెళ్ళమంటారా’ అని మన డాక్టర్లు అడుగుతారని తెలుసు. అక్కరలేదు. నిత్యపు దుస్తు అంటే అన్నిచోట్లా కట్టేదని కాదు, ఎవరికీ కారణం చెప్పకుండా కట్టేది అని. చలికి లోపల పైజామా వేసుకోవచ్చు, కాళ్ళకు ఉన్నిమేజోళ్ళు తొడుక్కోవచ్చు, పైన స్వెట్టరు వేసుకోవచ్చు. కోటూ తలపాగాతో మన తాతలు చేసింది అలాంటిదే.

బట్టల గురించి మొదలుపెట్టిన ఈ మాట మరొకచోటికి కూడా పోతుంది. మన ఇళ్ళల్లో తెలుగు సంగతి ఏమిటి? ఉగాది వేదికమీద పిల్లవాడు పద్యం అప్పజెబుతాడు, అర్థం తెలియకుండా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. అది జరీపంచె తెలుగు. వంటింట్లో వాడు అమ్మతో ‘అమ్మా, ఫ్రిజ్‌లో మిల్క్ అయిపోయింది’ అంటే, సంకరభాష అని కసురుతాం. వాడు మరుసటిరోజు నుంచి మొత్తం ఇంగ్లీషులోనే చెబుతాడు. ‘అయిపోయింది’ అన్న క్రియ వాడి నోట వున్నంతకాలం ఆ వాక్యం తెలుగువాక్యమే. ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు దానికి కుట్టిన జేబులు. జనం మాట్లాడే తెలుగునే రాయండి, చదివించండి అని గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడింది గ్రాంథికభాష మీద ద్వేషంతో కాదు. రోజూ వాడని భాష బీరువాలో బట్టలాంటిదని ఆయనకు తెలుసు.

ఆచార్య ట్రెవర్-రోపర్ వ్యాసాన్ని అందరూ చదవాలనే మేము కోరుతున్నాము. నవ్వుకుంటూ చదవండి. కాని ఆయన నవ్వమన్నచోట కాక, 1822 దగ్గర నవ్వండి. గులాబీరంగు మేజోళ్ళలో రాజుగారు ఎడింబరాలో నిలబడ్డ దృశ్యానికీ, మన ‘సంప్రదాయ దుస్తుల పోటీ’కీ ఎంత దూరం వుందో కొలుచుకోండి.

ఈ పోటీ విషయమే కార్యవర్గానికి మా మనవి. వచ్చే ఉగాదికి దాన్ని మానేయండి. దానికి బదులు, ఆ తర్వాత వచ్చే మామూలు శనివారపు సమావేశానికి, లెక్కలు చూసే సమావేశానికి, మగవాళ్ళందరినీ లుంగీలోగాని అడ్డపంచెలోగాని రమ్మనండి. ఫోటోగ్రాఫరు వద్దు, బహుమతులు వద్దు. పులిహోర ఒలికితే ఒలకనివ్వండి. చీరల సంగతి మేము ఎత్తలేదు. ఆ విషయం మాకన్నా బాగా తెలిసిన సోదరీమణులు రాసి పంపితే, వచ్చే సంచికలో ఆనందంగా వేసుకుంటాము.